పక్షవాతం తర్వాత డిశ్చార్జ్: రైల్స్ ట్యూబ్, క్యాథటర్‌తో ఊర్లో ఎట్ల చూసుకోవాలె?

డిండి_వాగు:

నాయినకు 66 ఏళ్లు. బీపీ పెరిగి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు లేస్తలేవు, మాట ముద్దగా వస్తుంది. హైదరాబాద్‌ల ఐసీయూ, వార్డు అయినంక ఈ శనివారం డిశ్చార్జ్ చేస్తమంటున్నరు. తిండికి ముక్కులో రైల్స్ ట్యూబ్, మూత్రానికి క్యాథటర్ అట్లనే ఉంచి పంపుతరట. మా ఊరు దేవరకొండ పక్కన. ఇంట్ల అమ్మ, వదిన ఉంటరు, నేను వారానికోసారి వస్త. ఉన్నది నవారు మంచం. శనివారం లోపల ఏమేం తయారుగ పెట్టుకోవాలె? నర్సును పెట్టుకోవాల్నా, ఇంటోళ్లు నేర్చుకుంటే సరిపోతదా? తెలిసినోళ్లు వివరంగ చెప్పుండ్రి.

సిస్టర్_నల్లగొండ:

శనివారం దాకా ఆగకుండా అమ్మనో వదిననో, వీలైతే ఇద్దరినీ, ఇప్పుడే దవాఖానకు రప్పించండి. వార్డు సిస్టర్ ఫీడ్ ఇస్తుంటే చూడటం చాలదు. ఆమె పక్కన నిలబడితే వీళ్లే తమ చేతులతో కనీసం నాలుగైదు సార్లు ఇవ్వాలి. ట్యూబ్‌తో ఇంటికొచ్చినవాళ్లు మళ్లీ ఐసీయూకు పోవడానికి పెద్ద కారణం పాలు, జావ ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా రావడం. చెయ్యి తిరిగితే దాన్ని చాలావరకు ఆపొచ్చు.

ఫీడ్ ఇచ్చే పద్ధతి ఇది. తల, వీపు కలిపి 30 నుంచి 45 డిగ్రీలు పైకి లేపాలి. తల కింద దిండ్ల మీద దిండ్లు పేరిస్తే మెడ, పొట్ట మడత పడతాయే తప్ప వీపు లేవదు. సర్జికల్ షాపులో బ్యాక్ రెస్ట్ దొరుకుతుంది, అది పెట్టండి. ముక్కు దగ్గర ట్యూబ్ మీద ఏ అంకె ఉందో డిశ్చార్జ్ రోజే రాసుకుని, అక్కడ మార్కర్‌తో గీత పెట్టించుకోండి. ప్రతి ఫీడ్‌కు ముందు ఆ గీత చూడాలి. తర్వాత 50 ఎంఎల్ సిరంజితో మెల్లగా వెనక్కి లాగి చూడాలి. 200 ఎంఎల్ పైన పాత జావ వస్తే కడుపు ఖాళీ కాలేదన్నట్టు, గంట ఆగి మళ్లీ చూడండి. అప్పుడూ అంతే వస్తే ఫీడ్ ఆపి డాక్టర్‌కు ఫోన్ చేయండి. అంతా బాగుంటే ముందు 30 ఎంఎల్ నీళ్లు, తర్వాత ఫీడ్, చివర మళ్లీ 30 ఎంఎల్ నీళ్లు. సిరంజి పిస్టన్ తీసేసి గొట్టాన్ని పైకి పట్టుకుంటే దానంతట అదే దిగాలి, ఒత్తి నెట్టొద్దు. మామూలుగా ఒక్కోసారి 200 నుంచి 250 ఎంఎల్, రెండున్నర మూడు గంటలకోసారి ఇస్తారు. మీ నాయినకు ఎంత, షుగర్ ఉంటే ఏది అన్నది డైటీషియన్‌తో కాగితం మీద రాయించుకోండి. ఫీడ్ అయ్యాక గంటసేపు పడుకోబెట్టొద్దు.

రాగి జావ, జొన్న జావ, పప్పు కట్టు, పాలు అన్నీ ఇవ్వొచ్చు, కానీ పల్చగా కాచి, పల్చటి నూలుగుడ్డలో రెండుసార్లు వడగట్టాలి. టీ జాలీ చాలదు, జొన్న పొట్టు దాంట్లోంచి దిగి ట్యూబ్‌ను మూసేస్తుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడే ఇవ్వండి. పొద్దున కాచింది మధ్యాహ్నానికి దాచొద్దు, మన ఎండలకు అది పులుస్తుంది.

గోలీలన్నీ కలిపి నూరొద్దు. ఒక్కొక్కటి విడిగా మెత్తటి పొడి చేసి, 15 – 20 ఎంఎల్ నీళ్లలో కలిపి వేసి, మధ్యలో నీళ్లు పంపాలి. పేరు పక్కన ఎస్ఆర్, ఎక్స్ఆర్, ఈఆర్ అని ఉన్నవి నూరితే రోజంతా కరగాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. గ్యాస్, యాసిడ్‌కు ఇచ్చే పాంటాప్రజోల్ గోలీ కూడా నూరితే కడుపులోని యాసిడ్‌కే పాడైపోతుంది. డిశ్చార్జ్ మందుల చీటీ పట్టుకుని “వీటిలో ట్యూబ్‌లో వేయకూడనివి ఏవి, వాటి బదులు ఏం వాడాలి” అని డాక్టర్‌ను అడగండి. ఇది చాలామంది అడగరు.

ట్యూబ్ కొంచెం బయటికి వచ్చినా మీరు లోపలికి తోయొద్దు. ఫీడ్ ఆపేసి దేవరకొండ ఏరియా హాస్పిటల్‌కు తీసుకెళ్లండి. నోటితో తినకపోయినా పొద్దున, రాత్రి నోరు శుభ్రం చేయాలి. ముఖం పక్కకు తిప్పి, మెత్తటి బ్రష్‌నో తడి గుడ్డ చుట్టిన వేలినో వాడి, చెంప లోపల, నాలుక మీద తుడవండి. నోట్లో పేరుకున్న క్రిములే ఉమ్మితో ఊపిరితిత్తుల్లోకి జారుతాయి.

నర్సు సంగతి: ట్యూబ్, క్యాథటర్ మార్చడానికి జీఎన్ఎం చదివిన నర్సు అవసరం. రోజూ మనిషిని తిప్పడానికి, స్నానానికి ఆయా లేక అటెండెంట్ చాలు. ఎవరిని పెట్టుకున్నా ఆధార్ కాపీ తీసుకుని, ఏ పని ఏ టైంకు అన్నది రాసి గోడకు అంటించండి. నా మటుకు నేను మొదటి పది పదిహేను రోజులు ఒక మనిషిని పెట్టమంటాను. అమ్మ ఒక్కతే రాత్రింబవళ్లు తిప్పితే ఆమె నడుం పడిపోతుంది.

పాలమూరు_ఫిజియో:

నవారు మంచం వద్దు తమ్ముడూ. నడుం దగ్గర గుంటలా దిగుతుంది, మనిషిని తిప్పలేరు, తిప్పినా మళ్లీ గుంటలోకే జారుతాడు. పైగా ఎత్తు తక్కువ కాబట్టి యూరిన్ బ్యాగ్ నేలకు తగులుతుంది. తల ఎత్తే హ్యాండిల్ ఉన్న ఫౌలర్ మంచం నెల కిరాయికి దొరుకుతుంది, నల్లగొండలోనో హైదరాబాద్‌లోనో సర్జికల్ షాపుల్లో అడగండి. దొరక్కపోతే గట్టి చెక్క మంచం.

దాని మీద పరుపు, పరుపు మీద గాలి బుడగల ఎయిర్ బెడ్, దాని మీద ఒకే ఒక్క పల్చటి నూలు దుప్పటి. బొంత వేస్తే ఎయిర్ బెడ్ పనే చేయదు. గాలి సరిపోయిందా లేదా చూడాలంటే, వెల్లకిలా ఉన్నప్పుడు పిరుదుల కింద ఎయిర్ బెడ్ అడుగున అరచెయ్యి దూర్చండి. ఎముక చేతికి తగిలితే గాలి తక్కువ ఉన్నట్టు, పంపు నాబ్ పెంచండి. ఎయిర్ బెడ్ ఉంది కదా అని తిప్పడం మానొద్దు. రెండు గంటలకోసారి ఎడమ, వెల్లకిలా, కుడి. పూర్తిగా పక్కకు పడుకోబెడితే తుంటి ఎముక మీద బరువు పడుతుంది, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాలిస్తే చాలు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాలిలో ఉంచండి.

స్నానం చేయించేటప్పుడు నడుం కింద, తుంట్లు, మడమలు, చీలమండలు, తల వెనక చూడండి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదలండి, తెల్లబడి మళ్లీ ఎరుపెక్కితే ఇంకా భయం లేదు. నొక్కినా తెల్లబడకపోతే అది పుండు మొదలవుతున్న గుర్తు, ఆ పక్కకు పడుకోబెట్టడం ఆపేయాలి. అక్కడ నూనె పెట్టి రుద్దొద్దు, లోపల చర్మం ఇంకా చిట్లుతుంది.

కుడి చెయ్యి పట్టి, చంకలో చెయ్యి వేసి లేపొద్దు. కండ బిగువు లేక భుజం కీలు జారి ఉంటుంది, ఒక్కసారి లాగినా నెలల తరబడి నొప్పి పట్టుకుంటుంది. కూర్చున్నప్పుడు ఆ చెయ్యి దిండు మీద ఉండాలి. కుర్చీలోకి మార్చేటప్పుడు కుర్చీని ఆయన బాగున్న వైపు, అంటే ఎడమకు వేసి, నడుముకు కట్టిన బెల్టు పట్టుకుని మార్చండి. వేళ్లు ముడుచుకుపోతుంటే స్మైలీ బంతి నొక్కించొద్దు, బిగువు ఇంకా పెరుగుతుంది. వేళ్లు తెరిచి, అరచెయ్యి పరుపు మీద ఆనించి బరువు వేయించాలి. ఫిజియో వారానికి మూడుసార్లు వచ్చినా సరే, మిగతా రోజులు అదే వ్యాయామం ఇంటివాళ్లు చేయించాలి. మొదటి మూడు నెలల్లో వచ్చినంత మార్పు తర్వాత రాదు.

ఊర్లో పసరు పోయిద్దామనో, పావురం రక్తం రాద్దామనో తప్పకుండా ఎవరో ఒకరు అంటారు. రక్తం రాస్తే ఏ నరమూ లేవదు. మింగలేని మనిషి నోట్లో పసరు పోస్తే మాత్రం ప్రాణం మీదికొస్తుంది. స్పీచ్ థెరపిస్ట్ మింగే పరీక్ష చేసి ఒప్పుకునేదాకా చెంచాడు నీళ్లు కూడా వద్దు.

మీసేవ_అన్న:

ఖర్చు, కాగితాల సంగతి. ఆరోగ్యశ్రీ కింద చేరి ఉంటే డిశ్చార్జ్ కాకముందే ఆరోగ్యమిత్ర (దవాఖానలో ఆ పథకం కాగితాలు చూసే మనిషి) దగ్గర కూర్చుని, ఈ ప్యాకేజీకి తర్వాత చెకప్‌లు, మందులు వస్తాయా అని అడిగి రాయించుకోండి. 2023 డిసెంబర్ నుంచి పరిమితి 10 లక్షలు ఉంది కానీ మంచం, ఎయిర్ బెడ్, అటెండెంట్ దాంట్లోకి రావు.

ఊర్లో ఆశాకు, ఏఎన్ఎంకు డిశ్చార్జ్ కాగితం జిరాక్స్ ఇవ్వండి. బీపీ చూడటం, బీపీ గోలీలు ఇవ్వడం వాళ్ల పనే. మంచానికే పరిమితమైనవాళ్ల కోసం ప్రభుత్వ పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే) సెంటర్లు ఉన్నాయి, వాళ్ల ‘ఆలన’ టీం ఇంటికొచ్చి చూస్తుంది. మీ మండలానికి ఎప్పుడొస్తుందో పీహెచ్‌సీ డాక్టర్‌నే అడగండి. వికలాంగుల పింఛన్ 4,016 రూపాయలకు వైకల్యం సర్టిఫికెట్ (ఇదివరకు సదరం, ఇప్పుడు యూడీఐడీ) కావాలి. అది కొన్ని నెలలు గడిచి, పరిస్థితి ఒక నిలకడకు వచ్చాకే ఇస్తారు. అందుకని స్కాన్ ఫిల్ములు, రిపోర్టులు, డిశ్చార్జ్ కాగితాలు ఒక్కటి కూడా పారేయొద్దు.

డిండి_వాగు:

చాలా థ్యాంక్స్. ఇంకో మూడు అడుగుత. మాకు రాత్రిపూట కరెంటు పోతది, ఎయిర్ బెడ్ ఎట్ల? క్యాథటర్ ఎన్ని రోజులకు మార్చాలె? మాల్, మల్లేపల్లి మీదుగ కారులో తీసుకురావచ్చా?

సిస్టర్_నల్లగొండ:

కారులో వద్దు. స్ట్రెచర్ ఉన్న ప్రైవేటు అంబులెన్స్ మాట్లాడండి, 108 అత్యవసరానికే. బయల్దేరే గంట ముందే ఫీడ్ అయిపోవాలి, బ్యాగ్ ఖాళీ చేయాలి. దారంతా తల ఎత్తులో ఉండాలి, మధ్యలో ఒకచోట ఆపి పక్క మార్చండి. తర్వాతి ఫీడ్ ఇంటికొచ్చి కూర్చోబెట్టాకే.

ఎయిర్ బెడ్ పంపు లాగే కరెంటు చాలా తక్కువ, చిన్న ఇన్వర్టర్ సరిపోతుంది. అది లేకుంటే కరెంటు పోయిన గంటల్లో తిప్పడం ఒక్కసారి కూడా తప్పొద్దు.

క్యాథటర్ మామూలు రబ్బరుదైతే రెండు నుంచి నాలుగు వారాలకు, పూర్తి సిలికాన్‌దైతే మూడు నెలల దాకా. ఏది వేశారో, ఏ తారీఖున వేశారో రాయించుకోండి. ముక్కులోని ట్యూబ్‌కూ అట్లాగే రాయించుకోండి. బ్యాగ్ ఎప్పుడూ మూత్రాశయం కంటే కింద, నేల కంటే పైన వేలాడాలి. పక్క మార్చేటప్పుడు బ్యాగ్‌ను మనిషి మీదుగా ఎత్తి దాటిస్తుంటారు, అప్పుడే మూత్రం వెనక్కి పోయి ఇన్ఫెక్షన్ వస్తుంది. పైపు క్లిప్ వేసి దాటించి, వెంటనే తీసేయండి. మూడింట రెండు వంతులు నిండగానే ఖాళీ చేయండి. నాలుగైదు గంటలు చుక్క రాకపోతే పైపు మడత పడిందా, కాలి కింద నలిగిందా చూడండి. అవేవీ కాకుండా పొత్తికడుపు ఉబ్బితే ఆలస్యం చేయకుండా దవాఖానకు పొండి. అసలు ఇంకా క్యాథటర్ అవసరమా, ఎప్పుడు తీసేస్తారు అని కూడా శనివారమే అడగండి. అడిగేవాళ్లు లేకపోతే అది నెలల తరబడి ఉండిపోతుంది.

ఇంకొకటి. పక్షవాతం నరంలో రక్తం గడ్డకట్టి వచ్చిందా, నరం చిట్లి వచ్చిందా అన్నది ఇంట్లో అందరికీ తెలియాలి. గడ్డకడితే ఆస్పిరిన్ లాంటివి రోజూ వేయాలి. చిట్లితే ఇంకొకరి చీటీ చూసి అవే వేయడం ప్రమాదం. మూతి వంకర పోవడం, ఎడమ చెయ్యి కూడా జారిపోవడం, మగతగా అయిపోవడం కనిపిస్తే 108కు చేసి సీటీ స్కాన్ ఉన్న దవాఖానకే తీసుకెళ్లమనండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపలే ఇవ్వగలరు. ఆయనను చివరిసారి బాగా చూసిన టైం ఎంతో చెప్పగలిగేలా ఉండండి.