దేవుడు నాన్నలాంటివాడు అని అందరు పిల్లలకీ చెప్పొచ్చా?

కోనసీమ టీచర్:
మా సంఘంలో సండే స్కూల్ చెప్తాను. ఫాదర్స్ డే కదా అని బైబిల్లో 103వ కీర్తన 13వ వచనం తీసుకున్నా. తండ్రి పిల్లల మీద జాలిపడినట్టు దేవుడు తనకు భయపడేవాళ్ల మీద జాలిపడతాడని చెప్తుంటే ఏడేళ్ల పిల్లాడు లేచి, "మా నాన్నలాగా అంటే శుక్రవారం శుక్రవారం ఫోన్ చేస్తాడా టీచర్?" అన్నాడు. వాళ్ల నాన్న కువైట్‌లో డ్రైవర్. అందరం నవ్వేశాం. పక్కనున్న పాప మాత్రం నవ్వలేదు, తల దించుకుని పెన్సిల్ చెక్కుతూనే ఉంది. వాళ్ల నాన్న తాగొచ్చి ఏం చేస్తాడో వీధంతా తెలుసు. ఆ పాపకి ఈ పోలిక చెప్పడం నాకు మనసొప్పట్లేదు. తప్పంటారా?

నిడదవోలు కుర్రాడు:
తప్పే అక్కా. "పరలోకమందున్న మా తండ్రీ" అనే కదా ప్రభువు ప్రార్థన నేర్పింది, దాన్నేం చేస్తారు? పోలికలో తేడా లేదు, ఆ తండ్రిలో ఉంది. అయినా కాస్త దండించడం కూడా ప్రేమే, హెబ్రీ 12 (హెబ్రీయులకు రాసిన పత్రిక, 12వ అధ్యాయం) చూడండి.

మల్లెతీగ:
తమ్ముడూ, హెబ్రీ 12 నువ్వు ఆరో వచనం దగ్గర ఆపేసినట్టున్నావు. పదో వచనంలో మన తండ్రులు "తమ కిష్టము వచ్చినట్టు" శిక్షించారని, దేవుడు అలా కాదని తేడా చెప్పింది ఆ పత్రికే. నేను ఆ పాపలాంటిదాన్నే. నాన్న సైకిల్ స్టాండు వేసే చప్పుడు వింటే చాలు, ఆ రాత్రి ఎలా ఉంటుందో మా అమ్మకీ నాకూ తెలిసిపోయేది. ఇరవై ఏళ్లు ప్రార్థనలో "ప్రభువా" అన్నాను తప్ప "తండ్రీ" అనలేదు, ఎవరూ కనిపెట్టలేదు కూడా. తల్లి ఆదరించినట్టు ఆదరిస్తానని దేవుడే అన్న మాట యెషయా 66లో ఉంది, దాని మీద ప్రసంగం మా ఊళ్లో నేను ఒక్కసారీ వినలేదు. కానీ టీచర్ గారూ, చెప్పడం మానకండి. అమ్మానాన్నలు వదిలేసినా దేవుడు చేరదీస్తాడనే 27వ కీర్తన పదో వచనం నాలాంటివాళ్ల కోసమే ఉంది.

పాత బస్తీ:
అసలు మనం పోలికని తిరగేసి చెప్తున్నాం అనిపిస్తుంది. మీ నాన్నని చూడు, దేవుడు అలా ఉంటాడు అంటాం. లూకా 15లో, తప్పిపోయిన కొడుకు కథలో తండ్రి మనూళ్లో ఏ నాన్నలాగా ఉన్నాడు చెప్పండి? తండ్రి బతికుండగానే కొడుకు వాటా అడిగితే మన దగ్గరైతే "నీ అబ్బ సొమ్మా?" అని తిట్టి పంపుతారు (నిజంగానే అబ్బ సొమ్మే అనుకోండి, అబ్బ అంటే తండ్రేగా). ఈయన పంచి ఇచ్చాడు. అంతా తగలేసి వస్తుంటే, ఆ కాలంలో పెద్దమనిషి పరుగెత్తడం పరువు తక్కువ, అయినా దూరం నుంచే చూసి ఎదురు పరుగెత్తాడు. వాడు క్షమాపణ మొదలుపెట్టకముందే మెడ మీద పడి ముద్దుపెట్టుకున్నాడు. ఇలాంటి తండ్రిని ఊళ్లో వెతికితే దొరకడు. ఆ కథని ఇంట్లో నాన్న ఊసెత్తకుండా చెప్పండి.

నిడదవోలు కుర్రాడు:
పదో వచనం నిజంగానే చూసుకోలేదు మల్లెతీగ గారూ, సారీ. ప్రార్థన విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నా.

కోనసీమ టీచర్:
సరే, వచ్చే ఆదివారం లూకా 15 చెప్తాను, "మీ నాన్నలాగా" అనే మాట లేకుండా. కువైట్ పిల్లాడికి మాత్రం ఇంకా జవాబు బాకీ ఉంది, వాడు వదిలే రకం కాదు.