శ్రీలంక చారిత్రక యాత్ర: గ్రూపు టూరా, సొంతంగా వ్యాన్ మాట్లాడుకోవడమా?

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

అందరికీ నమస్కారం. మా నాన్న, ఆయనతో పొద్దున్నే వాకింగ్‌కి వచ్చే రిటైర్డ్ ఉద్యోగులు కొందరు కలిసి శ్రీలంక వెళ్దామని కూర్చున్నారు. బీచ్‌ల కోసం కాదు. అనురాధపురం, పొలన్నరువ, సిగిరియా, దంబుల్లా, క్యాండీ... ఈ పాత రాజధానులు, గుహలు, స్తూపాలు చూడాలని. ఒక టూర్ సంస్థ ఆరు రోజుల ప్యాకేజీ ఇచ్చింది. చెన్నై నుంచి విమానం, అక్కడ పెద్ద బస్సు, గైడు, హోటలు, మూడు పూటలా భోజనం, అన్నీ వాళ్ళే చూసుకుంటారు. నాన్నావాళ్ళు దానికే మొగ్గుతున్నారు. నాకు మాత్రం డ్రైవరుతో సహా ఒక వ్యాన్ మాట్లాడుకుని నింపాదిగా తిరిగితే బాగుంటుందనిపిస్తోంది. ఇంట్లో రోజూ ఇదే వాదన. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

అనంత_చరిత్ర (అనంతపురం)

గ్రూపుతోనే పంపండి, గైడు ఉన్న గ్రూపుతో. కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని కాబట్టి గట్టిగా అంటున్నాను. చెప్పేవాళ్ళు లేకపోతే అనురాధపురంలో కనిపించేవి ఇటుకల దిబ్బలే. జేతవన స్తూపం ముందు నిలబడి "అబ్బ, ఎంత పెద్దదో" అనుకుని వచ్చేస్తాం. మూడో శతాబ్దంలో మహాసేనుడనే రాజు మొదలుపెట్టిన ఆ కట్టడం అప్పట్లో 122 మీటర్ల ఎత్తు ఉండేదని, ఆనాటికి దాన్ని మించినవి గిజాలోని రెండు పిరమిడ్లేనని ఒకరు పక్కనుండి చెప్పాలి. అప్పుడు మళ్ళీ తలెత్తి చూస్తాం.

సిగిరియా అనే కొండకోటలో నున్నగా పాలిష్ పట్టిన గోడ ఒకటుంది, అద్దాల గోడ అంటారు. పైన ఉన్న అప్సరసల బొమ్మలు చూడాలని జనం దాని పక్కనుంచే తోసుకుంటూ ఎక్కిపోతారు. మా గైడు మమ్మల్ని ఆపాడు. గోడని తాకకుండా, టార్చిలైటు అడ్డంగా పట్టి చూపించాడు. ముందు ఏవో గీతల్లా కనిపించాయి, కళ్ళు అలవాటుపడ్డాక అక్షరాలని తెలిసింది. ఎనిమిదో శతాబ్దం నుంచి పదో శతాబ్దం దాకా అక్కడికొచ్చిన యాత్రికులు ఆ బొమ్మల్ని చూసి రాసిపోయిన పద్యాలవి. సెనరత్ పరణవితాన అనే పురావస్తు పండితుడు ఓపిగ్గా చదివి, 685 పద్యాలు 1956లో అచ్చు వేయించారు. ఆయన లేకపోతే అవి గీతలే. ఆ గైడు లేకపోతే నాకు ఆ గీతలూ కనపడవు.

కాలువగట్టు (కడప)

మేడమ్ గారికి దొరికిన గైడు అందరికీ దొరకడు. మాకు దొరకలేదు.

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మా ఇంటివాళ్ళతో కలిసి ఇలాంటి ప్యాకేజీలోనే వెళ్ళాను. సంస్థ పేరు ఎందుకులెండి. క్యాండీలో రత్నాల షాపు, మాతలే దగ్గర సుగంధ ద్రవ్యాల తోట, పొలన్నరువ దారిలో చెక్కబొమ్మల షోరూము. తోటలో మిరియాల తీగ చూపించడం పది నిమిషాలు, ఆ తర్వాత నూనెలు, లేహ్యాలు అమ్మడం గంటకి పైనే. మన కర్చుతో మనల్నే బజారుకి తోలుకుపోయినట్టు. దాంతో పొలన్నరువ చేరేసరికి పొద్దు వాలింది.

గల్ విహారలో ఒకే రాతిగుట్టలో చెక్కిన బుద్ధుడి విగ్రహాలు నాలుగున్నాయి. పడుకున్న విగ్రహం దాదాపు 14 మీటర్లు. తల కింద దిండు కూడా రాతిదే, కానీ తల బరువుకి కాస్త నొక్కుకుపోయినట్టు చెక్కారు. ఆ నొక్కు కనపడాలంటే రెండు నిమిషాలు ఊరికే నిలబడాలి. వెనకనుంచి "టైమైంది, బస్సెక్కండి" అంటుంటే ఎక్కడ నిలబడతాం?

నన్ను ఇంకా బాధపెట్టింది పరాక్రమ సముద్రం. బస్సు కట్ట పక్కనే పోతోంది. గైడు మైకులో "ఎడమవైపు సరస్సు, ఫొటోలు తీసుకోండి" అని రాత్రి భోజనం సంగతి ఎత్తుకున్నాడు. 12వ శతాబ్దంలో పరాక్రమబాహు అనే రాజు పాత చెరువుల్ని కలిపి కట్టించింది అది. దాదాపు 14 కిలోమీటర్ల కట్ట! ఈ రోజుకీ దాని కింద వరి పండుతోంది. మా బస్సులో పోరుమామిళ్ళ వైపు వాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ ఊరి చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకి ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు రాతి మీద చెక్కించి పెట్టిన ఊరు. అలాంటి ఊరివాళ్ళకి ఆ కట్ట మీద దిగి తూము చూసే అవకాశం కూడా లేదు. అడిగితే "షెడ్యూల్లో లేదు సార్" అన్నారు.

వాళ్ళ పాత తూములకి కట్ట లోపలివైపు రాతితో చదరంగా బావిలా కడతారు, బిసోకొటువ అంటారు. నీళ్ళ ఒత్తిడిని అక్కడ అదుపుచేసి కావలసినంతే వదలడానికి. 19వ శతాబ్దంలో అక్కడ పనిచేసిన హెన్రీ పార్కర్ అనే బ్రిటిష్ ఇంజనీరు వీటిని చూసి, ఇవాళ్టి వాల్వు టవర్లకి మూలపురుషులు సింహళ ఇంజనీర్లేనని రాశాడు. ఇది చెప్పని టూరుని చారిత్రక యాత్ర అనడానికి నాకు మనసొప్పదు. వ్యాన్ మాట్లాడుకోండి.

బస్సు_ముందుసీటు (నంద్యాల)

యాత్రలకి జనాన్ని తీసుకెళ్ళడమే నా పని, కాబట్టి లోపలి లెక్క చెప్తాను. కాలువగట్టు సార్ కోపం న్యాయమే. కానీ ఆ షాపులు ఎందుకొస్తాయో కూడా వినండి. ప్యాకేజీ చెప్పగానే అందరూ అడిగేది ధర. పక్కనోళ్ళు రెండు వేలు తక్కువ చెబితే అటు పోతారు. ఆ రెండు వేలు ఆకాశం నుంచి ఊడిపడవు. అక్కడి ఏజెంటు షాపుల కమీషన్ని ముందే లెక్కలో వేసుకుని మాకు రేటు ఇస్తాడు. షాపులు వద్దంటే తలకి కొంత పెరుగుతుంది. ఆ మాట అంటే ఫోన్ పెట్టేస్తారు.

వ్యాన్ సంగతి. డెబ్బై దాటినవాళ్ళకి రాత్రిపూట బీపీ పెరిగితే డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు? డ్రైవరు వేరేచోట పడుకుని ఉంటాడు. ఇంకోటి, భోజనం. శాకాహారులు జాగ్రత్త. అక్కడ కూరల్లో, కొబ్బరి సంబల్‌లో ఉంబలకడ అని ఎండు చేప ముక్కలు వేస్తారు. చూడ్డానికి శుద్ధ కాయగూర కూరే. మేమైతే వంటగదిలోకి వెళ్ళి చెప్పి చేయిస్తాం. సొంతంగా పోయినవాళ్ళు తిన్నాక తెలుసుకుని రెండు రోజులు అన్నం ముట్టని సంగతులు నేను చూశాను.

గండికోట_లోయ (ప్రొద్దుటూరు)

అన్నా, భయపెడితే ఎవరూ ఎక్కడికీ పోలేరు. గైడు కావాలంటే గ్రూపులోనే ఉండాలా? అక్కడ పర్యాటక సంస్థ లైసెన్సులిస్తుంది. దేశమంతా తిరిగే గైడు వేరు, బండి నడుపుతూ చెప్పేవాళ్ళు వేరు, ఒక ప్రాంతానికో ఒక్క చోటుకో పరిమితమైనవాళ్ళు వేరు. లైసెన్సు కార్డు చూపించమని అడిగి, ఆ చోట తెలిసినవాళ్ళనే ఒక పూటకి పెట్టుకోవచ్చు. మనం ఎంతసేపు నిలబడితే అంతసేపు చెప్తాడు.

గ్రూపుగా చూడటం ఎలా ఉంటుందో లేపాక్షికి పోతే తెలుస్తుంది. బస్సులు దిగుతారు, వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి ఇవతలికి లాగుతారు, ఫొటో, నంది దగ్గర ఇంకో ఫొటో, పోదాం పదండి. పైకప్పు మీద విజయనగరం నాటి రంగుల బొమ్మలు, ఆనాటి చీరల అంచులు, తలపాగాలు అలాగే ఉన్నాయి. తలెత్తి చూసేది ఎంతమంది?

అనంత_చరిత్ర (అనంతపురం)

తమ్ముడూ, తలెత్తమని చెప్పేవాళ్ళు లేకే కదా ఎత్తడం లేదు? నువ్వు చెప్పింది నా వాదనకే బలం.

కాలువగట్టు సార్, మీకొక కథ. సిగిరియా మీద కోట కట్టిన కాశ్యపుడు అయిదో శతాబ్దంవాడు. తండ్రి ధాతుసేనుణ్ణి చెరలో పెట్టి, నిధి ఎక్కడ దాచావో చూపించమన్నాడట. ఆ రాజు తను కట్టించిన కలావెవ చెరువు దగ్గరికి తీసుకెళ్ళమని, నీళ్ళలో దిగి దోసిట్లోకి నీళ్ళు తీసుకుని "నాకున్న ఆస్తి ఇదే" అన్నాడని వాళ్ళ వంశచరిత్ర చెబుతుంది. కొడుకు తండ్రిని చంపించాడు. సిగిరియా మెట్లెక్కబోయే ముందు, కింద తోటల్లో కూర్చోబెట్టి మా గైడు చెప్పిన కథ ఇది. పైకి వెళ్ళాక ఆ శిఖరం మీద చెరువు చూసినప్పుడు నాకు కోట కంటే ఆ తండ్రే గుర్తొచ్చాడు.

క్యాండీలోనూ అంతే. బుద్ధుడి దంతం ఉన్న దంతధాతు ఆలయం అందరూ చూస్తారు. 1739 నుంచి 1815 దాకా అక్కడ ఏలిన నలుగురు రాజులు తమిళనాడులోని మధురై నుంచి వెళ్ళిన నాయక వంశంవాళ్ళు, వాళ్ళ మూలాలు తెలుగువే. దంబుల్లా గుహల్లో ఇప్పుడు కనిపించే రంగుల్లో చాలా భాగం అందులో రెండోవాడు కీర్తి శ్రీ రాజసింహుడు మళ్ళీ వేయించినవి. చివరివాడు విక్రమ రాజసింహుణ్ణి బ్రిటిష్‌వాళ్ళు పట్టుకుని వేలూరులో ఉంచారు, 1832లో అక్కడే పోయాడు. మన జిల్లాలనుంచి ఆస్పత్రి పని మీద వేలూరు పోనివాళ్ళు తక్కువ. పాలారు పక్కన ఆయన సమాధి ఉందని ఎంతమందికి తెలుసు? వ్యాన్ డ్రైవరు ఇది చెప్తాడా?

కాలువగట్టు (కడప)

మంచి కథ చెప్పారు మేడమ్. మరి కలావెవ చూపించారా? దంబుల్లా నుంచి అనురాధపురం పోయే దారిలో కెకిరావ దగ్గర కాస్త పక్కకి తిరిగితే చాలు. అక్కణ్ణుంచి అనురాధపురానికి నీళ్ళు తీసుకుపోయే జయగంగ కాలువ 87 కిలోమీటర్లు. మొదటి భాగంలో కిలోమీటరుకి వాలు పది సెంటీమీటర్లే. లెవెల్ మిషన్లు లేని రోజుల్లో ఆ వాలు ఎలా తెచ్చారోనని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. కథ విన్నాక ఆ నీళ్ళు కూడా చూడాలి. పెద్ద బస్సు అటు తిరగదు.

ఆదోని_అమ్మాయి (ఆదోని)

ఒక్క మాట చెప్పి వెళ్తాను. నాన్న పోయాక మా అమ్మ గడప దాటలేదు. నేను, అన్న ఇద్దరం దూరంగా ఉద్యోగాల్లో ఉన్నాం. తన వయసు ఆడవాళ్ళు పదిమంది వెళ్తున్నారని తెలిసి ఒక గ్రూపుతో బయల్దేరింది. అనురాధపురంలో మహాబోధి చెట్టు దగ్గర తెల్లబట్టలు కట్టుకున్న ముసలమ్మలు పూలు పెట్టి నేల మీద కూర్చుని ఉంటే, వాళ్ళ పక్కన తనూ కూర్చుందట. మాట తెలియకపోయినా ఒకావిడ తన చేతిలో తామరపువ్వు పెట్టిందని చాలా రోజులు చెప్పింది. వ్యాన్ మాట్లాడుకుని ఒక్కతే వెళ్ళేది కాదు. ఇది కూడా ఆలోచించండి.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

మీ రాతలన్నీ నాన్నకి చదివి వినిపించాను. కలావెవ కథ దగ్గర మళ్ళీ చదవమన్నారు. నిన్న టూర్ సంస్థ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాం. షోరూములు, తోట తీసేయమన్నాం, తలకి కొంత పెరిగింది, ఒప్పుకున్నాం. పెద్ద బస్సు బదులు మినీబస్సు. దంబుల్లా దగ్గర ఒకే హోటల్లో మూడు రాత్రులు, పొలన్నరువకి పొద్దుననుంచి సాయంత్రం దాకా. లైసెన్సున్న గైడు ఎవరో ముందే చెప్పాలని అడిగాం, సరేనన్నారు.

చిక్కు ఒకటే. సీతమ్మ గుడి ఉన్న నువర ఎలియా వైపు తీసేస్తే కుదురుతుంది, కానీ నాన్న స్నేహితుల్లో సగం మంది ఆ గుడి లేకుండా లంక ఏంటి అంటున్నారు. వాళ్ళ మాటా కొట్టిపారేయలేను. ఇంకా, ఇద్దరికి మోకాళ్ళ నొప్పులు. సిగిరియా ఎక్కగలరా?

బస్సు_ముందుసీటు (నంద్యాల)

సిగిరియాకి పన్నెండు వందల మెట్లు దాకా ఉంటాయి, చివర సింహపు పాదాల దగ్గర్నుంచి ఇనుప మెట్లు. మోకాళ్ళు బాగాలేనివాళ్ళని ఎక్కించొద్దు. కింద నీటి తోటలు, మ్యూజియం చాలు వాళ్ళకి. వానాకాలంలో అక్కడి పాత ఫౌంటెన్లు ఇప్పటికీ పైకి చిమ్ముతాయి. ఎక్కేవాళ్ళు పొద్దున్నే మొదలుపెట్టాలి. కందిరీగల గూళ్ళున్నాయి, అరుపులు, కేకలు వద్దని బోర్డులే ఉంటాయి. పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోండి, మనలాంటి సార్క్ (దక్షిణాసియా కూటమి) దేశాలవాళ్ళకి టికెట్ తక్కువ. ఒప్పుకున్నవన్నీ కాగితం మీద రాయించుకోండి, షాపులు లేవన్నది ముందు రాయించండి.

అనంత_చరిత్ర (అనంతపురం)

స్తూపాల దగ్గర చెప్పులు, టోపీలు తీయాలి. మధ్యాహ్నం ఆ రాళ్ళు కాలిపోతాయి, తలా ఒక జత సాక్సులు పెట్టండి. బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి ఫొటోలు దిగనివ్వొద్దు, అక్కడ చాలా తప్పుగా చూస్తారు.

కాలువగట్టు (కడప)

గ్రూపు మీద నా అభిప్రాయం మారలేదు, కానీ మీరు మాట్లాడుకున్న గ్రూపు వేరు. సీతమ్మ గుడి అడిగేవాళ్ళది భక్తి, దాన్ని కాదనకండి. క్యాండీ నుంచి అటు కొండదారి, ఒక వైపుకే రెండున్నర గంటల పైన పడుతుంది. దాన్ని ఈ ఆరు రోజుల్లో ఇరికిస్తే కోత పడేది పొలన్నరువకే. ఏడో రోజు కలపమని అడగండి, కుదరకపోతే సగం మంది క్యాండీ నుంచి వేరే బండిలో వెళ్ళొస్తారు. పొలన్నరువలో మాత్రం సాయంత్రం పూట మినీబస్సుని కట్ట మీద ఆపించి, తూము దాకా నడిపించండి.