హైదరాబాద్ దగ్గర పెలికాన్లు ఎక్కడ బాగా కనిపిస్తాయి?

మియాపూర్_అమ్మ:
మా పాపకి ఆరేళ్లు. జూలో కాదు, బయట చెరువు మీద పెలికాన్లని చూపించాలి. ఏ చెరువు, ఏ వేళ, బైనాక్యులర్ ఏది కొనాలి? కెమెరా లేదు.

చెరువుగట్టు:
అమీన్‌పూర్ వెళ్లండి. పోయిన చలికాలం అక్కడ తెల్ల పెలికాన్ల గుంపు చూశాను. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన చెరువది. ఇప్పుడు చుట్టూ అపార్ట్‌మెంట్లు లేస్తుంటే కడుపు మండిపోతోంది.

రెక్కలలెక్క:
అవి మచ్చల ముక్కు పెలికాన్లు అయ్యుంటాయి, అదింకో జాతి, బూడిదరంగులో ఉంటుంది. ఎండలో బూడిదరంగు కూడా తెల్లగానే కొడుతుంది. ఏళ్ల తరబడి పక్షుల లెక్కింపు చేస్తున్నాను, ఈ పొరపాటు ప్రతిసారీ వస్తుంది. ఎగిరేటప్పుడు కిందనుంచి చూడండి. తెల్లదానికి రెక్క వెనక అంచంతా నల్లగా, స్పష్టంగా ఉంటుంది. మచ్చలదానికి అంత తేడా ఉండదు, పై ముక్కు మీద వరసగా చుక్కలుంటాయి.

చెరువుగట్టు:
నేను చూసినవాటికి నల్ల అంచు ఉంది సార్. ఫోటో కూడా ఉంది. గట్టు మీద నిలబడింది నేను, మీరు ఇంట్లో కూర్చుని నా మాట ఎలా కొట్టిపారేస్తారు?

రెక్కలలెక్క:
అయితే ఫోటో పెట్టండి. చలికాలంలో తెల్లవి రావని నేననలేదు. మచ్చలవి అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో ముప్పుకు చేరువలో ఉన్న జాతి. రెండూ ఒకే లెక్కలో కలిపేస్తే ఏవి తగ్గుతున్నాయో ఎలా తెలుస్తుంది? నా పట్టుదల అందుకే.

కైకలూరు_కుర్రాడు:
మీకు చుక్కల గొడవ, మాకు చేపల గొడవ. మా బాబాయి చేపల చెరువు మీద పెలికాన్ల గుంపు వాలిందంటే ఆ రోజు ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. అప్పు తెచ్చి వేసిన చేపపిల్ల అది. టపాకాయలు పేల్చి తోలుకుంటాం, తప్పేంటి?

కొల్లేటి_ఆడపడుచు:
తమ్ముడూ, ఆ చెరువులు ఎక్కడ తవ్వారో కూడా చెప్పు, కొల్లేరు సరస్సులోనే కదా. 1946లో పక్షి శాస్త్రవేత్త నీలకంఠన్ గారు పశ్చిమ గోదావరిలోని ఆరేడు అనే ఊళ్లో చూసిన పెలికాన్ గూళ్ల కాలనీ తర్వాత మొత్తం ఖాళీ అయింది. గూడు పెట్టడానికి చెట్లు చాలకే కదా కొల్లేటి ఒడ్డున ఆటపాకలో గూళ్ల కోసం స్టాండ్లు కట్టారు!

కైకలూరు_కుర్రాడు:
అక్కా, ఆ స్టాండ్ల మీద పిల్లల్ని చూసి మేమూ సంబరపడతాం. నష్టపరిహారం సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. మా మీద మాత్రం అందరూ ఎగురుతారు.

సూళ్లూరుపేట_అల్లుడు:
నగరంలో వెతికే బదులు సంక్రాంతి సెలవులకి మా సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు పక్షుల అభయారణ్యానికి తీసుకెళ్లండి. నీళ్లలో నిలబడ్డ చెట్ల నిండా గూళ్లు. పెద్దవి దాదాపు నోరెత్తవు, అరుపులన్నీ పిల్లలవే. తల్లి గొంతులోకి తల దూర్చి పిల్ల తినడం చూస్తే పాప అక్కణ్ణుంచి కదలదు.

రెక్కలలెక్క:
గూళ్ల దగ్గర మాత్రం దూరంగా ఉండండి. జనం గూళ్ల దగ్గరికి వెళ్తే పెద్దవి లేచిపోతాయి, గుడ్లు ఎండపాలవుతాయి, కాకులు కాచుకుని ఉంటాయి. మంచి ఫోటో కోసం ఈ పని చేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

బడిపంతులు_కూకట్‌పల్లి:
పాప కోసం అడిగారు, ఆ సంగతి చూద్దాం. పొద్దున్నే వెళ్తే వేట కనిపిస్తుంది. ముక్కు కింది సంచిని వలలా వాడి నీళ్లతో సహా చేపని తోడుతుంది, నీళ్లు వంచేసి మింగుతుంది. పొద్దెక్కాక వేడిగాలి పట్టుకుని చుట్లు తిరుగుతూ పైకి లేస్తాయి, అదీ చూపించండి. ఇంత పెద్ద పక్షికి 8×32 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం 32 మి.మీ.) చాలు, బరువూ తక్కువ. కొనేముందు పాప కళ్లకి పెట్టి చూడండి. కొన్నిటిలో రెండు గొట్టాలు చిన్నపిల్లల కళ్లకి సరిపడేంత దగ్గరికి రావు.