బాబుకి అనిరుద్ధ అని పెడదామనుకుంటున్నాం, అర్థం చెప్పండి

కావలి, డల్లాస్‌కి వచ్చి 4 నెలలు:
మా ఆవిడకి వచ్చే నెల డెలివరీ, బాబు అన్నారు. అనిరుద్ధ అనే పేరు నచ్చింది. నెట్‌లో ఒకచోట విజేత అని, ఇంకోచోట అనంతుడు అని ఉంది. ఏది సరైంది? నాన్నగారి పేరు పెంచలయ్య. అది కూడా కలవాలని అమ్మ కోరిక.

ఒంగోలు, 18 ఏళ్లుగా ఇక్కడే:
తమ్ముడూ, అర్థం తర్వాత. ముందు నీ పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎక్కడుందో చూసుకో. నా పాస్‌పోర్టులో మొత్తం పేరు ఒకే గడిలో పడింది, వీసాలో పేరు చోట ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదని) అని వచ్చింది. ఆసుపత్రిలో ఫారం నింపినావిడ అదే చూసి, మా వాడి ఇంటిపేరు చోట నా పేరంతా ఎక్కించింది. రాత్రంతా నిద్ర లేదు, చూడకుండా సంతకం పెట్టేశా. సరిచేయించడానికి 5 నెలలు పట్టింది. నోటరీ కాగితాలు రెండుసార్లు తిప్పి పంపారు, ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను. రేపు పిల్లాడికి ఓసీఐ (విదేశీ పౌరులైన మనవాళ్లకి ఇండియా ఇచ్చే కార్డు) తీసుకోవాలన్నా బర్త్ సర్టిఫికెట్ చూస్తారు. ఒక్కో అక్షరం చదివాకే సంతకం పెట్టు.

నెల్లూరు మూలాపేట:
అన్న చెప్పింది నిజమే, కానీ పాపం అబ్బాయి అడిగింది అర్థం కదా. నిరోధం, విరోధం, అవరోధం అన్నీ 'రుధ్' ధాతువు నుంచే వచ్చాయి, అడ్డగించడం అని. నిరుద్ధుడంటే అడ్డగింపబడినవాడు, అనిరుద్ధుడంటే ఎవరూ అడ్డలేనివాడు. విజేత, అనంతుడు కావు. విష్ణు సహస్రనామంలో ఈ నామం రెండుసార్లు వస్తుంది. ప్రద్యుమ్నుడి కొడుకు, కృష్ణుడి మనవడు.

కందుకూరు:
ఆ మనవడినే కదమ్మా బాణాసురుడు నాగపాశంతో కట్టేసింది! అడ్డలేనివాడంటే ఎట్లా? తాత పేరు పెట్టుకోవడమే మన పద్ధతి. మా వైపు ఇంటికో మాలకొండయ్య ఉండేవాడు, ఇప్పుడు వెతికినా దొరకడు.

నెల్లూరు మూలాపేట:
కట్టేశాడు, నిలుపుకోగలిగాడా బాబాయ్? కృష్ణుడు, బలరాముడు, ప్రద్యుమ్నుడు బాణుడి శోణితపురం మీదికే వెళ్లారు. అనిరుద్ధుడు ఆ బాణుడి కూతురు ఉషని పెళ్లి చేసుకునే వచ్చాడు. తాత పేరు వద్దని నేననలేదు. పెంచలకోన స్వామి నరసింహుడు, అనిరుద్ధుడూ విష్ణువే. 'అనిరుద్ధ పెంచల' చక్కగా కలుస్తుంది. స్పెల్లింగ్‌లో రెండు డీలు, హెచ్, చివర ఎ ఉండాలి. మా అక్క కొడుక్కి ఒక డి తీసేశారు, బళ్లో అందరూ 'అనిరుడ్' అంటారు.

ఒంగోలు:
రెండు డీలంటే ప్రతి ఆఫీసులోనూ తప్పు రాస్తారమ్మా.

నెల్లూరు మూలాపేట:
రాయనీ అన్నా, దిద్దిద్దాం. పేరు మాత్రం విరగ్గొట్టొద్దు.

కావలి:
అక్కా, అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించా. 'అనిరుద్ధ పెంచల' అని రెండుసార్లు పలికి, నాన్నకి ఇచ్చింది. పాస్‌పోర్టు కూడా తీసి చూశా అన్నా, ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంది. రేపే మార్పుకి అప్లై చేస్తా.