కీ తీస్తే రేడియో స్టేషన్లన్నీ మరిచిపోతోంది, హారన్ కొడితే ఆరిపోతోంది

అలిపిరి_800:
మాది 2004 మారుతి 800, నాన్న కొన్న బండి, అమ్మే మాటే లేదు. పోయిన నెల కొత్త స్టీరియో పెట్టించినప్పటి నుంచి రెండు తలనొప్పులు. కీ తీస్తే టైమ్, సేవ్ చేసిన స్టేషన్లు అన్నీ పోతాయి. రాత్రిపూట హెడ్‌లైట్లు వేసుకుని హారన్ కొడితే రేడియో ఆరిపోయి మళ్లీ వస్తుంది. పెట్టినతన్ని అడిగితే పాత బండి కదా సార్, బ్యాటరీ మార్చండి అంటాడు. బ్యాటరీ వేసి ఆరు నెలలు కూడా కాలేదు.

చిత్తూరు_వైరింగ్:
బ్యాటరీ జోలికి పోవద్దన్నా. సెట్ వెనక పసుపు వైరుకు కీ తీసినా 12 వోల్టులు రావాలి, మెమొరీ దాని మీదే నిలుస్తుంది. ఎరుపుకి కీ తిప్పితేనే రావాలి. ఆ రెండూ తారుమారు చేసినా, రెండింటినీ కీ లైన్‌కే మెలేసి టేపు చుట్టినా ఇదే కథ. హారన్‌కి ఆరిపోవడం మాత్రం ఎర్త్, అంటే నల్ల వైరు బండి రేకుకి సరిగా తగలకపోవడం అనుకుంటా. మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టి ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకోటి సెట్ నల్ల వైరు మీద ఆనించి, రేడియో పెద్దగా పెట్టి, లైట్లు వేసి హారన్ కొట్టించు. 0.2 వోల్టు దాటితే ఎర్త్ సరిగా లేనట్టే.

రేణిగుంట_రోడ్డు:
నాదాంట్లో ఇంజన్ రైజ్ చేస్తే స్పీకర్లో కుయ్‌మని ఈల, రైజ్ కొద్దీ పెరుగుతుంది. ఇది కూడా ఎర్తేనా?

చిత్తూరు_వైరింగ్:
అది ఆల్టర్నేటర్ (ఇంజన్ తిరిగేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసేది) గోల. పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి. అప్పుడూ వస్తే పవర్ లైనో ఎర్తో, ఎఫ్ఎంలో మాత్రమే వస్తే ఏరియల్ అడుగున తుప్పు పట్టిందేమో చూడాలి. తిరుమల ఘాట్ మలుపుల్లో గరగరమంటే మాత్రం వైరింగ్‌ని తిట్టొద్దు, అది కొండ అడ్డం రావడం.

పాత_జీపు:
ఫ్యూజు పోతోందని సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టినవాళ్లను చూశాను. ఒకాయన డ్యాష్‌బోర్డు కింద వైరు కాలి, పొగ వచ్చేదాకా మానలేదు. 10 ఆంప్స్ పోతే మళ్లీ 10 ఆంప్సే వేయాలి, అదీ పోతే ఎక్కడ షార్ట్ అవుతోందో వెతకాలి.

అలిపిరి_800:
ఆదివారం సెట్ బయటికి లాగాను. నల్ల వైరును డ్యాష్‌బోర్డు లోపల రంగు వేసిన రేకు మీద స్క్రూతో నొక్కి వదిలేశాడు, మీటర్ 1.4 చూపించింది! రంగు గీకి, మెరిసే రేకు కనిపించాక రింగు వేసి బోల్టు బిగించాను, 0.05కి వచ్చింది. పసుపు వైరేమో సిగరెట్ లైటర్ లైన్‌కి తగిలించి ఉంది, నా బండిలో అది కీ తీస్తే ఆగిపోతుంది. ఫ్యూజు బాక్సులో ఎప్పుడూ కరెంటుండే లైన్ నుంచి విడిగా ఫ్యూజు పెట్టి తీసుకున్నా. రాత్రి హారన్ కొట్టి కొట్టి చూశా, పక్కింటాయన బయటికొచ్చి ఏమైంది బాబూ అన్నాడు. రేడియో కదల్లేదు. ఎడమ స్పీకర్ మాత్రం ఇప్పుడు మూగబోయింది.

చిత్తూరు_వైరింగ్:
సెట్ లోపలికి నెట్టేటప్పుడు వైరు ఊడొచ్చి ఉంటుందన్నా, మళ్లీ లాగు.