క్వార్టర్ హార్స్ ఆస్ట్రేలియాలో ఎలా నిలదొక్కుకుంది?

ప్రశ్న (అరండల్‌పేట, గుంటూరు)

సభ్యులందరికీ నమస్కారం. మా మేనల్లుడు క్వీన్స్‌లాండ్‌లో ఒక పెద్ద పశువుల క్షేత్రంలో లెక్కలు చూసే ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు తన ఫోనులో ఒక వీడియో చూపించాడు. మందలోంచి విడదీసిన కోడెదూడ ఎదుట ఒక గుర్రం ముందుకాళ్లు చాపి, తలను దూడ ముక్కు ఎత్తుకు దించి నిలబడింది. దూడ ఎటు కదలబోతే అటు తానే ముందుగా ఒరిగి దారి మూసేస్తోంది. పైనున్న మనిషి చేతిలో పగ్గాలు వదులుగా వేలాడుతున్నాయి. అతడు వాటిని ఒక్కసారి కూడా లాగలేదు. నలభై ఏళ్లు ఎద్దులతో సేద్యం చేసినవాణ్ని, పశువు మనసు ఇంత బాగా తెలిసిన మరో పశువును నేను ఎన్నడూ చూడలేదు.

అది క్వార్టర్ హార్స్ అనీ, అమెరికా నుంచి వచ్చిన జాతి అనీ వాడు చెప్పాడు. ఆస్ట్రేలియాలో పశువులను తోలే గుర్రాలు అంతకుముందే ఉన్నాయి కదా, మరి ఈ జాతిని ఎందుకు తెప్పించుకున్నారు? ఎండ, మేత, రుతువులు అన్నీ మారిన చోట అది ఎలా ఇమిడిపోయింది? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు 1 (సత్యనారాయణపురం, విజయవాడ)

అయ్యా, మీరన్నట్టు అక్కడ గుర్రాలకు కొదవ లేదు. 1788లో మొదటి ఓడలతోనే కేప్ ఆఫ్ గుడ్ హోప్ నుంచి కొన్ని గుర్రాలు వచ్చాయి. తరవాత థరోబ్రెడ్ అనే పందెపు గుర్రాల జాతి, అరబ్బీ, తిమోరు గుర్రాల రక్తం కలిసి, దూరాభారాలకు ఓర్చే ఒక రకం తయారైంది. న్యూ సౌత్ వేల్స్ నుంచి వచ్చేవి కాబట్టి వాటికి వేలర్లు అని పేరు పడింది. బ్రిటిష్ సైన్యం కోసం అవి ఓడల మీద మద్రాసు, కలకత్తా రేవులకు వేలాదిగా దిగేవి. అంటే ఆ గుర్రాలు మన తాతల కాలంలో మన తీరానికే వచ్చాయన్నమాట.

రోజంతా నడిచి మందను దూరం చేర్చడం ఒక పని, పది అడుగుల జాగాలో ఒక్క పశువును మందలోంచి తప్పించి తిరిగి అందులో కలవకుండా ఆపడం మరొక పని. రెండో పనికి పిరుదుల్లో బలం, ఉన్నచోటే గిరుక్కున తిరిగే నేర్పు కావాలి. పావు మైలు పరుగుపందేల వల్ల పేరు తెచ్చుకున్న క్వార్టర్ హార్స్‌లో ఆ రెండూ ఉన్నాయి. 1940లో అమెరికాలో ఈ జాతికి సంఘం ఏర్పడింది. వంశావళి పుస్తకంలో మొదటి సంఖ్య టెక్సాస్‌లోని కింగ్ రాంచ్ అనే పశువుల క్షేత్రం వారి వింపీ అనే మగగుర్రానికి దక్కింది. అదే కింగ్ రాంచ్ 1954లో నాలుగు గుర్రాలను ఆస్ట్రేలియాకు పంపింది. నాలుగంటే నాలుగే! ఆ తరవాత వచ్చిన దిగుమతి మగగుర్రాలను స్థానిక ఆడగుర్రాలతో కలిపి, వాటి కూతుళ్లను మళ్లీ అదే జాతి మగగుర్రాలతో కలుపుతూ తరం తరానికి రక్తం చిక్కబరిచారు. 1968లో అక్కడా క్వార్టర్ హార్స్ సంఘం పుట్టింది. మూడేళ్లకు, అంటే 1971లో, స్వదేశీ గుర్రాన్ని విడిగా నిలుపుకోవాలనే పట్టుదలతో స్టాక్ హార్స్ (పశువులను తోలే అక్కడి గుర్రం) సంఘం ఏర్పడింది. నా దృష్టిలో ఈ రెండో సంగతే ముఖ్యమైనది, ఎందుకంటే పరాయి జాతి పక్కకు వచ్చి నిలిచాకే వారు తమ గుర్రానికి పుస్తకం రాసుకున్నారు.

జవాబు 2 (విశ్రాంత పశువైద్యుడు, గుంటూరు)

చరిత్ర పై మిత్రులు చెప్పారు, ఒంటి సంగతి నేను చెబుతాను. ఆడగుర్రం ఎదకు రావడం పగటి పొడవును బట్టి ఉంటుంది. ఉత్తరార్ధగోళంలో వసంతమైనప్పుడు అక్కడ శరదృతువు కనక, దిగుమతి గుర్రాల ఒంటి లెక్క ఆరు నెలలు తిరగబడాలి. అందుకే అమెరికాలో గుర్రాల వయసు జనవరి 1 నుంచి లెక్కిస్తే, ఆస్ట్రేలియాలో ఆగస్టు 1 నుంచి లెక్కిస్తారు. కండ దట్టంగా ఉన్న గుర్రం కొద్దిసేపటి పనికి మెరుపులా ఉంటుంది గాని, ఎండలో రోజంతా నడిస్తే ఒంట్లో పుట్టిన వేడి బయటికి పోవడం కష్టమవుతుంది. సన్నగా, పొడుగు కాళ్లతో ఉండే స్థానిక గుర్రంతో సంకరం చేయడానికి అదొక మంచి కారణం.

మేతలోనూ ప్రమాదముంది. ఉత్తర ఆస్ట్రేలియాలో మన జనుము కుటుంబానికే చెందిన కొన్ని మొక్కలను మేసిన గుర్రాలకు కాలేయం చెడి, దారీ తెన్నూ లేకుండా నడుస్తూ ప్రాణం వదులుతాయి. తెనాలి వైపు వరి కోశాక మనం చల్లే జనుమును చూసి భయపడనక్కరలేదు, విషం ఆ కుటుంబంలోని వేరే రకాలలో ఎక్కువ.

మరో మాట. 1969లో పుట్టిన ఇంప్రెసివ్ అనే ఒక్క అమెరికా మగగుర్రం సంతతిలో, రక్తంలో పొటాషియం పెరిగి కండరాలు వణికి చచ్చుబడే జన్యులోపం వ్యాపించింది. కండ చూసి మురిసి దాని పిల్లలను ఎగబడి పెంచినందువల్లే అంత దూరం పాకింది. కొత్త జాతిని తెచ్చేవారు అందంతో పాటు రక్తపరీక్ష కాగితం కూడా అడిగి తీరాలి.

జవాబు 3 (లాం, గుంటూరు)

నేను ఒంగోలు ఆవులు పెంచుతాను, అందుకని గుర్రం కన్నా దాని ఎదుటి దూడ మీదకే నా చూపు పోతుంది. నాలుగు గుర్రాల కన్నా ముందు, 1952లోనే, అదే కింగ్ రాంచ్ తమ శాంటా గెర్ట్రూడిస్ పశువులను ఆస్ట్రేలియాకు చేర్చింది. అవి షార్ట్‌హార్న్ అనే ఇంగ్లండు జాతికి, బ్రాహ్మన్ అనే మూపురం ఉన్న జాతిని కలిపి చేసినవి. అమెరికా బ్రాహ్మన్‌ను తయారుచేసిన భారతీయ జాతుల్లో గిర్‌తో పాటు మన ఒంగోలు ఉంది. అక్కడివారు దాన్ని నెల్లూరు పేరుతో నెలోర్ అంటారు. పిడుదులకు, ఎండకు తట్టుకుంటాయని 1933లో క్వీన్స్‌లాండ్‌కు బ్రాహ్మన్లను విడిగానూ తెప్పించారు. మూపురం ఉన్న పశువు చురుకు, బెదురు మనకు తెలిసినవే. అలాంటి మందను ఆపాలంటే మందకొడి గుర్రం చాలదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు చదివాక మేనల్లుడికి ఫోను చేసి ఆ గుర్రం తల్లిదండ్రుల గురించి అడిగాను. తండ్రి క్వార్టర్ హార్స్ అట, తల్లి అక్కడి స్టాక్ హార్స్ అట. వీడియో మళ్లీ చూస్తే, లాం సోదరుడు చెప్పినట్టే, దూడకు చిన్న మూపురం, మెడ కింద వేలాడే గంగడోలు స్పష్టంగా కనిపించాయి. మొదటిసారి గుర్రాన్నే చూస్తూ వాటిని గమనించలేదు.