హెక్స్‌లో అంకెలు కూడితే 9 రూల్ ఎందుకు పనిచేయట్లేదు?

బిట్టు_27:
చిన్న డౌట్ అండి. అంకెలన్నీ కూడితే వచ్చింది 9తో పోతే అసలు సంఖ్య కూడా పోతుందని స్కూల్లో చెప్పారు కదా, అదే హెక్స్‌లో (10 బదులు 16 ఆధారంగా సంఖ్యలు రాసే పద్ధతి, 10 నుంచి 15 వరకు ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలే అంకెలు) ట్రై చేశా. 27ని హెక్స్‌లో రాస్తే 1, పక్కన బీ. బీ అంటే 11, కూడితే 12. 12 ఏమో 9తో పోదు, 27 పోతుంది! కాలిక్యులేటర్లో ప్రోగ్రామర్ మోడ్ పెట్టి కూడా చూశా, మార్చడం కరెక్టే. రూల్ డెసిమల్‌కి, అంటే మనం మామూలుగా రాసే సంఖ్యలకి మాత్రమేనా, నేనే ఎక్కడైనా తప్పు చేశానా?

లెక్కల_పిచ్చి:
తప్పేం లేదు బ్రో. 10ని 9తో భాగిస్తే 1 మిగులుతుంది, 100 అయినా 1000 అయినా 1యే, అందుకే స్థానాలు పట్టించుకోకుండా అంకెలు కూడేసినా శేషం మారదు. హెక్స్‌లో ఒక్కో స్థానానికి 16 రెట్లు, 16ని 9తో భాగిస్తే మిగిలేది 7, ఇంకెలా పనిచేస్తుంది? 1 మిగలాలంటే 15తో భాగించాలి. అంటే ఈ రూల్ అక్కడ 15కి, దాని కారణాంకాలు 3, 5కి. నీ 12 చూడు, 3తో పోయింది 5తో పోలేదు, 27 కూడా అంతేగా.

షార్ట్‌కట్_శీను:
5కి ఇంత దేనికి, చివర 0 గానీ 5 గానీ ఉంటే చాలు కదా

లెక్కల_పిచ్చి:
లేదు శీను గారూ, హెక్స్‌లో 25 అంటే మన 37, ప్రైమ్. చివరి అంకె చూసి తేల్చగలిగేది 2, 4, 8, 16 సంగతే, 16లో 5 అనేదే లేదు కదా.

జావా_కూలీ:
ఇది చూసి పని మానేసి కూర్చున్నా 😅 జావా క్లాస్ ఫైల్ (జావా ప్రోగ్రామ్‌ని కంపైల్ చేస్తే వచ్చే ఫైల్) దేన్నైనా హెక్స్ ఎడిటర్లో (ఫైల్‌లో ఉన్నదాన్ని హెక్స్ అంకెల్లో చూపించే టూల్) తెరవండి, మొదటి నాలుగు బైట్లు (బైట్‌కి రెండు హెక్స్ అంకెలు) "కేఫ్ బేబ్" అని ఉంటాయి, సీ ఏ ఎఫ్ ఈ, బీ ఏ బీ ఈ. విలువలు 12, 10, 15, 14, 11, 10, 11, 14, కూడితే 97, 15తో భాగిస్తే 7 మిగిలింది. డెసిమల్‌లో అది 3405691582, దాన్నీ 15తో భాగించి చూశా, 7యే! ఇంకోటి, మనకి 11కి ఒకటి విడిచి ఒకటి తీసేస్తూ కలుపుతూ పోతాం కదా, హెక్స్‌లో ఆ ట్రిక్ 17కి. కుడి నుంచి 14-11+10-11+14-15+10-12, వచ్చింది -1, అంటే 17తో భాగిస్తే 16 మిగలాలి. మిగిలింది.

బిట్టు_27:
సూపర్ అన్నా. అయితే 9కి ఇక దారి లేనట్టేనా?

లెక్కల_పిచ్చి:
ఉంది, మూడేసి అంకెలు గుంపు కట్టు. 16ని మూడుసార్లు గుణిస్తే 4096, ఒకటి తీసేస్తే 4095, అది 9×5×7×13. ఒక్క దెబ్బకి 7, 9, 13 మూడూ తేలిపోతాయి. హెక్స్‌లో 2010 తీసుకో, కుడి మూడు 010 అంటే 16, మిగిలింది 2, మొత్తం 18, 9తో పోతుంది. అసలు విలువ 8208, అదీ 9×912. విడివిడిగా కూడితే 3 వచ్చి మళ్లీ ఇక్కడికే వచ్చి అడిగేవాడివి.

బిట్టు_27:
😂 మరి 11కి?

జావా_కూలీ:
ఐదేసి. 16ని ఐదుసార్లు గుణించి ఒకటి తీసేస్తే 1048575, దాన్ని 11తో భాగించి చూస్కో, నేను స్టాండప్ మీటింగ్‌కి పోవాలి